జర్మనీ వారితో వ్యాపారం: మాట, కాగితం, గడియారం

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులకూ, కార్యదర్శులకూ జరిగిన మూడు రోజుల శిక్షణ తరగతుల ముగింపు నాడు సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఈ మూడు రోజులూ పశుగ్రాసాల గురించీ, గాలికుంటు టీకాల గురించీ, లెక్కల పుస్తకాల గురించీ చెప్పుకొన్నాము. చివరి ప్రసంగం జర్మనీ గురించి అని కార్యక్రమ పత్రంలో చూసి కొందరు నవ్వుకొన్నారని మాకు తెలిసింది. "తెల్లారుజామున లేచి పాలు పితికే వాళ్ళకు జర్మనీ గొడవ ఎందుకండీ?" అని ఒక సంఘం అధ్యక్షుల వారు నిన్న భోజనాల దగ్గర అడగనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెబుతాము.

మన సభ్యుల ఇళ్ళలోని పిల్లలు ఐదుగురు కలిసి పసుపు పొడి తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి పెట్టుకొన్నారు. పెట్టుబడి చాలావరకు వారి తల్లుల పాడి డబ్బు. ఇద్దరి ఇళ్ళలో బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టి ఉన్నది. వారికి జర్మనీ నుండి ఒక దిగుమతిదారు ఉత్తరం రాశాడు. అందులో కుశల ప్రశ్నలు రెండు వాక్యాలు, ఆ తరువాత వరుస అంకెలతో 14 ప్రశ్నలు. పిల్లలు జవాబు తయారుచేసి, పంపబోయే ముందు మాకు చూపించారు. "మా సరుకు చాలా మేలైనది, మీకు ఏ ఇబ్బందీ రానివ్వము, ఒకసారి మా ఊరు వచ్చి మా ఆతిథ్యం స్వీకరించండి" అని ఉన్నది ఆ జవాబులో. చదివి మాకు గుండె జారింది. సరిగ్గా ఇలాంటి జవాబే కొన్నేళ్ళ క్రితం మేమూ ఇచ్చి ఉన్నాము. దాని ఖర్చు మీ బోనసులో నుండే పోయింది.

ఆ సంగతి దాచకుండా చెప్పుకోవాలి. పాల పాకెట్లు నింపే యంత్రం కోసం మా ప్రతినిధి బృందం జర్మనీ వెళ్ళింది. అమ్మిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, తప్పు వారిది కాదు. ఉదయం 10 గంటలకు సమావేశం. దారి తెలియక మేము 10 గంటల 25 నిమిషాలకు చేరాము. వారు విసుక్కోలేదు, కాఫీ ఇచ్చారు, కూర్చోబెట్టారు. కాని 11 కాగానే ఎదుటి ఇంజనీరు లేచి చేయి కలిపి వెళ్ళిపోయాడు. ఆయనకు 11 గంటలకు ఇంకొకరితో పని ఉన్నది. మేము పోగొట్టుకొన్న 25 నిమిషాలు మా లెక్కలోనే పోయాయి. ఇక మిగిలిన 35 నిమిషాలలో ఆయన అడిగినవన్నీ సూటి ప్రశ్నలు. మీ ప్లాంటులో కరెంటు వోల్టేజి ఎంతవరకు పడిపోతుంది? నీటి కాఠిన్యం ఎంత? యంత్రం నడిపే మనిషి ఎన్నేళ్ళు శిక్షణ పొందినవాడు? అన్నిటికీ మా వాళ్ళు "ఇబ్బంది లేదండీ, మేము చూసుకొంటాము" అన్నారు. ఆయన తలవంచుకొని రాసుకొన్నాడు.

నాలుగు రోజులకు ఒక ఉత్తరం వచ్చింది. మనం మాట్లాడుకొన్న ప్రకారం వోల్టేజి హెచ్చుతగ్గుల బాధ్యత కొనుగోలుదారుదే అని అందులో ఉన్నది. మర్యాదకు రాసిన ఉత్తరం అనుకొని ఫైలులో పెట్టాము. ఎవరూ జవాబు రాయలేదు. యంత్రం ఎండాకాలంలో వచ్చింది. మూడో వారంలో వోల్టేజి పడిపోయి కంట్రోలు బోర్డు కాలిపోయింది. ఉచితంగా బాగుచేయమని అడిగితే, వారు ఆ ఉత్తరం నకలు పంపారు. వకీలును సంప్రదిస్తే ఆయన చెప్పింది విని తెల్లబోయాము. జర్మనీ వర్తకుల న్యాయంలో, నోటి మాటల తరువాత ఒక పక్షం వారు "మనం ఒప్పుకొన్నది ఇదీ" అని ధ్రువీకరణ ఉత్తరం రాస్తే, రెండవ వర్తకుడు వెంటనే అభ్యంతరం చెప్పకపోతే, ఒప్పుకొన్నట్టే లెక్క. మన ఊళ్ళో మౌనం అర్ధాంగీకారం అంటారు. అక్కడ అది పూర్ణాంగీకారమే!

ఇంకొక నియమం కూడా అప్పుడే తెలిసింది. 1900 జనవరి 1 నుండి అమలులో ఉన్న వారి వాణిజ్య స్మృతి ప్రకారం, వర్తకుడు సరుకు అందగానే ఆలస్యం లేకుండా పరీక్షించుకొని, లోపం ఉంటే వెంటనే తెలియజేయాలి. లేకపోతే సరుకు ఒప్పుకొన్నట్టే. మా పెట్టెలు మూడు వారాలు విప్పకుండా గోదాములో పడి ఉన్నాయి. ఇది ఎందుకు చెబుతున్నామంటే, రేపు మన పిల్లల పసుపు అక్కడికి చేరిన వారంలోనే కొనుగోలుదారు నుండి ఫోటోలతో సహా ఫిర్యాదు రావచ్చు. కయ్యానికి వచ్చాడని అనుకోకూడదు. తన హక్కు పోకుండా తన దేశపు చట్టం చెప్పిన పని చేస్తున్నాడు. రెండు రోజులలో జవాబు రాస్తే వ్యాపారం నిలుస్తుంది.

ఇంత కట్టుదిట్టం మనవాళ్ళకు నచ్చదు. మనిషి మీద నమ్మకం లేదా అని మనసు నొచ్చుకొంటుంది. కాని ఒక్కసారి మన పాల కేంద్రం గుర్తు తెచ్చుకోండి. కార్యదర్శి గారు మీ పాలు తీసుకొని వెన్న శాతం చూస్తారు, చీటీ రాసి ఇస్తారు. సొంత బావమరిది పాలైనా సరే చూస్తారు. అందుకు మీలో ఎవరైనా అలిగారా? చూడకుండా పోయించుకొంటేనే అనుమానం వస్తుంది. జర్మనీ వాని 14 ప్రశ్నలు వాని టెస్టరు అనుకోండి.

నిజానికి ఈ పద్ధతి మనకు అక్కడి నుండే వచ్చింది. ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైజెన్ అనే ఆయన 1818లో పుట్టి, 1845లో వెయర్‌బుష్ అనే పల్లె ప్రాంతానికి మేయరు అయినాడు. 1846, 47 సంవత్సరాలలో పంటలు పోయి ఆకలి వచ్చింది. ఊళ్ళోని కలిగినవారి చేత డబ్బు వేయించి, పిండి తెప్పించి, ఉమ్మడి పొయ్యి కట్టించి, పేదలకు అరువు మీద రొట్టె ఇప్పించాడు. పెద్దల దయ మీద నడిచే సంఘం ఎక్కువకాలం నిలవదని తరువాత అనుభవంలో తెలుసుకొన్నాడు. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో, అప్పు తీసుకొనేవారే సభ్యులై ఒకరికొకరు పూచీ పడే పరపతి సంఘం పెట్టాడు. ఆ కాలంలోనే షుల్ట్సె-డెలిట్ష్ అనే ఆయన పట్టణాల్లోని చేతిపనివారికి ఇలాంటి సంఘాలు కట్టించాడు.

ఇక మన సంబంధం ఇక్కడున్నది. అప్పటి మద్రాసు ప్రభుత్వం, అంటే కోస్తా ఆంధ్రా రాయలసీమా కూడా ఉన్న రాజధాని, రైతుల అప్పుల బాధకు మందు వెతకమని ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని నియమించింది. ఆయన ఐరోపా సంఘాలు పరిశీలించి 1895లోనూ 1897లోనూ రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. వేల సంగతులు రాసి, చివరకు తేల్చింది ఒక్కటే: మీలో నుండి ఒక రైఫైజెన్‌ను వెతుక్కోండి అని. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టానికి ఆ నివేదిక ఒక పునాది. కనుక మీరు మహాజన సభలో చేయి ఎత్తేటప్పుడూ, ఆడిటరు రాకముందు రాత్రి కూర్చొని రిజిస్టర్లు సరిచూసుకొనేటప్పుడూ, రైన్ నది ఒడ్డు పల్లెల వారసత్వమే మోస్తున్నారు.

ఆడిట్ అంటే అక్కడ ఇంకా గట్టి వ్యవహారం. 1889 చట్టం నుండి సహకార సంఘాలకు తనిఖీ తప్పనిసరి. ఈ రోజున కొత్త సంఘం నమోదు కావాలంటే ఒక తనిఖీ సమాఖ్యలో సభ్యత్వం ఉండి తీరాలి. సంఘం పెట్టడానికి ముగ్గురు సభ్యులు చాలు. 2006కు ముందు ఏడుగురు కావలసి ఉండేది. ఆ దేశపు పాలలో సుమారు మూడింట రెండు వంతులు సహకార సంఘాల చేతుల మీదుగానే పోతాయి. 2016లో సహకార భావనను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించింది కూడా జర్మనీయే. మన పిల్లలు తమ ఉత్తరంలో "మేము పాల సహకార సంఘ సభ్యుల కుటుంబాల వాళ్ళము" అన్న మాట ఎక్కడా రాయలేదు. అది రాయమన్నాము. అక్కడ ఆ మాటకు విలువ ఉన్నది.

పాడి మాట వచ్చింది గనుక రెండు అంకెలు చెబుతాము. మన దేశంలో 2023-24లో సుమారు 24 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి అయినాయి. జర్మనీలో ఏడాదికి 3 కోట్ల టన్నులు దాటుతాయి. కాని అవి ఇచ్చేవి దాదాపు 37 లక్షల ఆవులు, సాకేవారు సుమారు 50,000 రైతు కుటుంబాలు మాత్రమే. గేదె పాలు అలవాటైన మనకు నవ్వు రావచ్చు గాని, అక్కడ పూర్తి పాలు అంటే వెన్న 3.5 శాతం. ఆ రైతుల బాధలు మాత్రం మన బాధలే. 2008 మే, జూన్ నెలల్లో గిట్టుబాటు ధర కోసం జర్మనీ పాడి రైతులు సుమారు పది రోజులు డెయిరీలకు పాలు పోయడం మానివేశారు. ఆ బహిష్కరణ చట్టవిరుద్ధమని వారి పోటీ నియంత్రణ సంస్థ అదే ఏడు తేల్చింది.

ధర ఎవరి చేతిలో ఉన్నదో తెలిస్తే అక్కడ అడుగుపెట్టే విదేశీ వ్యాపారికి సగం సంగతి తెలిసినట్టే. ఆహార పదార్థాల చిల్లర వ్యాపారంలో సుమారు 85 శాతం నాలుగు గుంపుల చేతిలో ఉన్నది: ఎడెకా, రేవే, ఆల్డి, లిడిల్ దుకాణాలు నడిపే ష్వార్ట్స్ గుంపు. ఇందులో ఎడెకా, రేవే పుట్టుకతో చిల్లర వర్తకుల సహకార సంఘాలు. 1898లో బెర్లిన్‌లో కిరాణా వర్తకులు కలిసి పెట్టుకొన్న కొనుగోలు సంఘం పేరులోని పొడి అక్షరాలే పలకగా పలకగా ఎడెకా అయినాయి. ఆల్డి దారి వేరు. అట్టపెట్టెలలోనే సరుకు పెట్టి, రకాలు తక్కువ చేసి, ధర దించి అమ్ముతారు. జర్మనీ గృహిణి డబ్బున్నా సెంటు సెంటు చూసుకొంటుంది. "ధనిక దేశం, ఎంత చెప్పినా ఇస్తారు" అని మనవాళ్ళు అనుకోవడం భ్రమ. పైగా 2022లో రష్యా గ్యాసు ఆగి ఇంధన ఖర్చులు పెరిగాయి, 2023లోనూ 2024లోనూ వారి ఆర్థిక వ్యవస్థ కొంచెం కుదించుకుపోయింది. కొనేవాడు ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉంటాడు.

ఇంకొక పొరపాటు: రాజధాని గనుక బెర్లిన్‌లోనే అంతా ఉంటుందనుకోవడం. అది 16 రాష్ట్రాల సమాఖ్య. బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, పెద్ద ఓడరేవు హాంబర్గ్‌లో, కార్లు స్టుట్‌గార్ట్, మ్యూనిక్ వైపు. చాలా మంచి యంత్రాల కంపెనీలు మనం పేరు వినని చిన్న ఊళ్ళలో, మూడు నాలుగు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో నడుస్తున్నాయి. వీటిని మిట్టెల్‌ష్టాండ్ అంటారు. అలాంటి యజమాని ఈ ఏడాది లాభం కంటే కొడుకు కాలానికి కంపెనీ ఎలా ఉంటుందని చూస్తాడు. తొలి ఆర్డరు చిన్నదిగా ఇస్తాడు, రెండేళ్ళు గమనిస్తాడు. తరువాత ఊరికే వదలడు. ఆహార పదార్థాల వారందరినీ ఒకచోట చూడాలంటే కొలోన్ నగరంలో బేసి సంవత్సరాలలో జరిగే అనూగా సంత ఉన్నది.

ఇక మర్యాదల సంగతి. మన భాషలో మీరు, నువ్వు ఉన్నట్టే వారి భాషలోనూ ఉన్నాయి. మీరు అనడానికి జీ, నువ్వు అనడానికి దూ. జీ అని విని హిందీ జీ అనుకొనేరు! వ్యాపారంలో జీ తోనే మొదలుపెట్టాలి. ఇంటిపేరుకు ముందు పురుషులకు హెర్, స్త్రీలకు ఫ్రౌ చేర్చి పిలవాలి. డాక్టరేటు ఉన్నవారికి అదీ కలపాలి. దూ లోకి మారదామని పెద్దవారో, పై హోదాలోని వారో ముందు అనాలి. యువకులు నడిపే కంపెనీలలో ఈ పట్టింపు తగ్గింది. గదిలో ఎంతమంది ఉంటే అంతమందికీ చేయి కలపాలి. పెద్దాయనకు మాత్రం కలిపి పక్కన నిలబడిన అమ్మాయిని వదలివేస్తే తప్పు. ఆ అమ్మాయే మీ సరుకు తీసుకొనేదీ లేనిదీ తేల్చే ప్రయోగశాల అధికారి కావచ్చు.

మన దగ్గర "చూద్దాం లెండి" అంటే కాదని అర్థం. వారు చూద్దామంటే నిజంగానే చూసి, చెప్పిన తేదీన జవాబిస్తారు. కాదనవలసి వస్తే మొహం మీదనే కాదంటారు. రంగు సంచికీ సంచికీ తేడాగా ఉన్నది, లేబులు మీద అక్షరం చిన్నది, ఈ కాగితంలో సంతకం లేదు అని వరుసగా చెబుతారు. అది సరుకు మీద మాట, మనిషి మీద కాదు. సాయంత్రం అదే మనిషి నవ్వుతూ భోజనానికి తీసుకుపోతాడు. మెచ్చుకోవడం మాత్రం తక్కువ. తిట్టకపోతే మెచ్చుకొన్నట్టే అని స్వాబియా ప్రాంతంలో ఒక సామెత.

సమయం గురించి మా అనుభవం చెప్పాము. ఆలస్యమవుతుందని తెలిస్తే ముందుగా ఫోను చేయాలి. (వారి రైళ్ళు మాత్రం ఈ మధ్య మన దారి పట్టాయి. 2024లో దూరప్రయాణపు రైళ్ళలో మూడో వంతుకు పైగా వేళకు చేరలేదు. కనుక ఒక రైలు ముందే ఎక్కండి.) పని ముగిసిన తరువాతి వేళను ఫైరాబెండ్ అంటారు. ఆ వేళ వారికి ఇంటిది, తోటది, పిల్లలది. రాత్రి 9 గంటలకు ఫోను చేసి ధర మాట్లాడడం మన చురుకుదనం అనుకొంటాము, వారికి అది దండయాత్ర. శుక్రవారం మధ్యాహ్నం తరువాతా, క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నడుమా పని జరగదు. ఆదివారం దుకాణాలు మూత. ఆదివారపు విశ్రాంతిని వారి రాజ్యాంగమే కాపాడుతుంది. పాడి రైతుకు మాత్రం అక్కడా ఆదివారం లేదు లెండి, ఆవుకు పంచాంగం తెలియదు.

ఇంటికి పిలిస్తే పూలు తీసుకుపోవచ్చు, ఎర్ర గులాబీలు వద్దు. ఖరీదైన కానుకలు అసలే వద్దు, చాలా కంపెనీలలో ఉద్యోగులు వాటిని తీసుకోకూడదు. మనవాళ్ళు ప్రేమతో పాలకోవా, నెయ్యి డబ్బా మూటకడతారు. అది విమానాశ్రయం దాటదు. ఐరోపా కూటమికి బయటి దేశాల నుండి ప్రయాణికులు పాల పదార్థాలు తేవడం నిషిద్ధం. రాత్రి భోజనం చాలా ఇళ్ళలో చల్లటిదే: రొట్టె, వెన్న, జున్నుముక్కలు. క్వార్క్ అని ఒకటి పెడతారు. పెరుగును గుడ్డలో కట్టి నీరు వార్చినట్టు ఉంటుంది. మన నాలుకకు పరాయిగా అనిపించదు.

వారి వీధులలో మాకు నచ్చింది సీసాల పద్ధతి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసా మీద 25 సెంట్లు, అంటే యూరోలో పావు వంతు, ముందుగా డిపాజిట్ కడతారు. ఖాళీ సీసా దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. 2003లో మొదలైన ఈ ఏర్పాటును 2024 జనవరి 1 నుండి పాల ప్లాస్టిక్ సీసాలకూ వర్తింపజేశారు. మన పాల కవర్లు మురుగు కాల్వలలో తేలడం చూసే మనం దీని గురించి వేరే రోజు మాట్లాడుకోవాలి. ప్రస్తుతానికి వ్యాపారికి కావలసింది ఇది: 2019 నుండి, పొట్లం కట్టిన సరుకును అక్కడ తొలిసారి మార్కెట్టులో పెట్టేవారు ప్యాకింగు రిజిస్టరులో పేరు నమోదు చేసుకొని, ఆ ప్యాకింగు ఎత్తివేత ఖర్చులో తమ వంతు ముందే కట్టాలి. అది దిగుమతిదారు చేస్తాడా, మనం చేయాలా అన్నది మొదటి ఉత్తరంలోనే తేల్చుకోవాలి.

అన్నిటికంటే కష్టమైనది చివర చెబుతున్నాము. 2020 సెప్టెంబరులో మన దేశపు నువ్వులలో ఇథిలీన్ ఆక్సైడ్ అనే పొగమందు అవశేషాలు ఐరోపాలో బయటపడ్డాయి. రొట్టెలు, బిస్కెట్లు, నువ్వులు చల్లిన ప్రతి సరుకూ దుకాణాల నుండి వెనక్కి తీశారు. ఆ ఏడు అక్టోబరులోనే ధ్రువపత్రం లేనిదే మన నువ్వులు రానివ్వమని కట్టడి పెట్టారు. ఎక్కడో కొందరు చేసిన పనికి, మందు మొహం చూడని రైతు కూడా నష్టపోయాడు. ప్రత్యేక పరిమితి చెప్పని పురుగుమందులకు ఐరోపా కూటమి లెక్క కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే పది కోట్ల పాళ్ళలో ఒక పాలు. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి వచ్చి పడినా దొరికిపోతాము.

మన పిల్లల ఉత్తరం దగ్గర చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఐదో ప్రశ్న: "మీ సరుకు ఎప్పుడైనా పరీక్షలో తిరస్కరణకు గురైనదా?" గత సంవత్సరం ఒక లాటు మందు అవశేషాల వల్ల ఇక్కడి పరీక్షలోనే పోయింది. పిల్లలు దానికి జవాబు వదలివేశారు. "ఇది రాస్తే బేరం పోతుంది, ఇంట్లో బంగారం పోతుంది" అని ఒక కుర్రవాడు కళ్ళనీళ్ళు పెట్టుకొన్నాడు. వాని భయం అబద్ధం కాదు. రాసినందుకు బేరం పోదని మేము పూచీ పడలేము. కాని రాయకుండా పంపి, రేపు అక్కడి పరీక్షలో తేలితే, పోయేది ఒక్క బేరంతో ఆగదు. యంత్రం విషయంలో మేము ఒక మాట దాచి ఎంత చెల్లించామో వారికి లెక్క చూపించాము.

రెండు రోజులు కూర్చొని 14 జవాబులూ మళ్ళీ రాశారు. ఊరికి రమ్మన్న వాక్యం చివర ఒక్క వరుసగా ఉంచాము, అది తీసివేయడానికి మాకూ మనసు ఒప్పలేదు. ఐదో జవాబు, కంపెనీ లెక్కలు చూసే అమ్మాయి రాసింది. ఏ లాటు, ఎన్ని కిలోలు, ఏ పొలం నుండి వచ్చింది, ఏ మందు దొరికింది, ఆ సరుకు ఏమి చేశారు, ఆ తరువాత ఏ రైతులతో ఏమి మార్చుకొన్నారు అన్నీ తేదీలతో ఉన్నాయి. ప్రయోగశాల కాగితం నకలు జతచేసింది. ఉత్తరం సోమవారం వెళుతుంది.

నిన్న జీడిపప్పు గురించీ, మిరప గురించీ అడిగిన సభ్యులు భోజనాల తరువాత ఆఫీసు గదిలో మమ్మల్ని కలవవచ్చు. ఆ 14 ప్రశ్నల తెలుగు నకలు బయట బల్ల మీద ఉన్నది, సంఘానికి ఒకటి చొప్పున తీసుకువెళ్ళండి. జర్మనీ నుండి జవాబు వచ్చిన తరువాత, అది ఏ విధంగా ఉన్నా సరే, ఈ పత్రికలోనే అచ్చువేస్తాము.